గుండెకు మందు – కండకు పరీక్ష

పరుగు పందెమున గెలుపు గుండెకును కండకును కలిసి లభించు ఫలము. గుండె నెత్తురును పంపును. ఆ నెత్తురు తెచ్చిన ప్రాణవాయువును గ్రహించి కండ పనిచేయును. ఈ రెంటిలో ఏది కుంటుపడినను పందెము సాగదు. అట్టి గుండెకును కండకును నడుమ తగవు పెట్టినదని పేరువడిన మందు ఒకటి గత శతాబ్ది ఉత్తరార్ధమున పుట్టినది. దానిని స్టాటిన్ అందురు. నెత్తురులోని కొలెస్టరాలును తగ్గించి గుండెపోటును నివారించుటలో దీనికి సాటి రాగల మందులు మిక్కిలి అరుదు. నేడు ఈ మాత్రను ప్రతి దినము వేసికొనువారు లోకమున కోట్ల సంఖ్యలో నున్నారు. ఈ వాక్యములు చదువుచున్న ఇంటిలో సైతము ఒకరిద్దరు ఉండవచ్చును.

అయితే, “ఈ మందు మొదలిడినప్పటినుండి కాళ్లు లాగుచున్నవి, మునుపటివలె పరుగెత్తలేకున్నాను” అను మాట కూడ మందుతోపాటే పుట్టి, నేటికిని వినబడుచునే యున్నది. కండబలమునే నమ్ముకొని బ్రదుకు క్రీడాకారుని విషయమున ఇది చిన్న మాట కాదు. మందు మానిన గుండెకు ముప్పు. మానకున్న వృత్తికి ముప్పు. ఈ చిక్కు ఎట్లేర్పడినదో, దానిని శాస్త్రజ్ఞులు ఏ తూనికలతో తూచిరో తెలిసికొనుటకు కథను మొదటినుండి చూడవలసి యుండును.

కొలెస్టరాల్ అను పేరు పిత్తాశయములోని రాళ్లనుండి వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దిలోనే ఆ రాళ్లయందు కొవ్వువంటి యొక పదార్థమును గుర్తించియుండిరి. 1815 ప్రాంతమున ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రల్, పైత్యమును గట్టిదనమును తెలుపు రెండు గ్రీకు మాటలను జోడించి దానికి నామకరణము చేసెను. 1910లో జర్మనీ దేశీయుడగు విన్‌డౌస్, గట్టిపడిన ధమనుల గోడలలో ఈ పదార్థము మామూలు ధమనులలోకంటె ఎన్నో రెట్లు పేరుకొనియున్నదని చూపెను. 1913లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాలును పొద్దుతిరుగుడు నూనెలో కరగించి తినిపింపగా, వాని ధమనులు మనుష్యుల ధమనులవలెనే పూడుకొనిపోయినవి. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున వేలకొలది ప్రజలను సంవత్సరముల తరబడి కనిపెట్టి చూచు పరిశోధన ఆరంభమయ్యెను. నెత్తురులో కొలెస్టరాల్ హెచ్చుగా నున్నవారికి గుండెజబ్బు వచ్చు అవకాశమును హెచ్చని దానివలన తేలినది.

అయినను కొలెస్టరాలును కేవలము శత్రువుగా నెంచరాదు. మన దేహములోని ప్రతి జీవకణపు పొరకును అది అవసరము. కొన్ని హార్మోనులు, పైత్యరసములోని ఆమ్లములు దానినుండియే తయారగును. మనము తిను తిండినుండి వచ్చునది కొంతయే. పెద్ద భాగమును దేహమే, అందును ముఖ్యముగా కాలేయము, స్వయముగా తయారుచేసికొనును. ఆ తయారీలో ముప్పదికి దగ్గరగా మెట్లున్నవి. ఆ మెట్ల మర్మమును విప్పినందుకు బ్లాక్, లీనెన్ అను శాస్త్రజ్ఞులకు 1964లో నోబెల్ బహుమానము లభించినది.

మెట్లు తెలిసిన పిమ్మట ఏదో యొక మెట్టుకడ తలుపు మూసినచో కొలెస్టరాల్ తగ్గునను ఆలోచన సహజముగనే కలిగినది. 1960లో అమెరికాలో ట్రైపరానాల్ అను మందు వెలువడెను. అది మూసినది తుదిమెట్టు. దానితో కొలెస్టరాల్ తగ్గినమాట నిజమే. కాని దానికి ముందటి పదార్థము దేహములో పేరుకొనిపోయినది. కొందరికి కంటిలో శుక్లములు ఏర్పడినవి, వెండ్రుకలు రాలినవి. 1962లో ఆ మందును ఉపసంహరించిరి. నెత్తురులో అంకె తగ్గినంత మాత్రమున మేలు జరిగినట్లు కాదను పాఠమును వైద్యలోకము ఆనాడే నేర్చుకొన్నది.

ఇక జపాను దేశమునకు పోవుదము. అకితా మండలములోని యొక రైతు కుటుంబమున 1933లో అకిరా ఎండో జన్మించెను. పుట్టగొడుగులన్నను బూజులన్నను ఆయనకు బాల్యమునుండియు ఆసక్తి. బూజునుండి పెన్సిలిన్ బయటపడిన తీరును తెలిపిన ఫ్లెమింగు చరిత్ర ఆయనను ఆకర్షించినది. 1957లో ఆయన సాంక్యో అను మందుల సంస్థలో చేరిరి. 1966 మొదలు రెండేండ్లు న్యూయార్కులో పరిశోధన చేయుచు, గుండెపోటు ఆ దేశమున ఎంత సామాన్యమో కన్నులార చూచిరి. స్వదేశమునకు మరలివచ్చి 1971లో ఒక వెదుకులాట ప్రారంభించిరి. ఆయన తర్కము సులభమైనది. బూజులు తమ శత్రువులైన ఇతర సూక్ష్మజీవులను చంపుటకు విషములను పుట్టించును. ఆ విషములలో ఏదైన నొకటి, కొలెస్టరాల్ వంటి పదార్థముల తయారీలో తొలిదశలోనే వచ్చు కీలకమైన ఎంజైమును ఆపునది ఏల కారాదు?

రెండేండ్లలో ఆరువేల రకముల బూజులను పరీక్షించిరి. తుదకు 1973లో, క్యోటో నగరమందలి యొక ధాన్యపు కొట్టులోని బియ్యమునుండి తీసిన నీలిపచ్చ బూజులో కోరిన పదార్థము దొరకినది. మన ఇండ్లలో చెమ్మ తగిలిన బియ్యమునకు బూజు పట్టినచో విసుగుకొని పారవేయుదుము. అట్టి బూజునుండియే ప్రపంచములోని మొదటి స్టాటిన్ లభించినది. దానికి కాంపాక్టిన్ అని పేరు. అది పెన్సిలిన్ నిచ్చు బూజునకు జ్ఞాతియే.

ఎలుకలకు ఇచ్చి చూచిన ఫలము కానరాలేదు. మరియొకరైనచో అంతటితో విరమించెడివారే. ఎండో విరమింపలేదు. 1976లో గ్రుడ్లుపెట్టు కోళ్లకు, పిదప కుక్కలకు, కోతులకు ఇచ్చి చూడగా కొలెస్టరాల్ గణనీయముగా తగ్గినది.

మన ప్రస్తుత విషయమునకు అతి ముఖ్యమైన ఘట్టము 1978లో జరిగినది. ఒసాకా విశ్వవిద్యాలయములోని వైద్యుడు అకిరా యమమోతో కడ పదునెనిమిదేండ్ల యువతి యొకతె చికిత్స పొందుచుండెను. తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించిన దోషమువలన ఆమె నెత్తురులో కొలెస్టరాల్ అపారముగా నుండెను. మనుష్యులలో కాంపాక్టిన్ పుచ్చుకొన్న మొదటి రోగి ఆమెయే. కొలెస్టరాల్ తగ్గినది. కాని కొలది దినములలోనే ఆమె కండరములు బలహీనములయ్యెను. మోతాదు తగ్గించిన పిమ్మట ఆ బాధ ఉపశమించెను. తరువాత ఇతర రోగులకు తక్కువ మోతాదులో ఇచ్చి చూడగా, అట్టి తీవ్రమైన బాధ లేకయే కొలెస్టరాల్ నూటికి పాతిక ముప్పది పాళ్లు తగ్గినది. అనగా స్టాటిన్ వలన గుండెకు కలుగు మేలును, కండకు కలుగు కీడును మొట్టమొదటి రోగియందే ఒక్కమారు దర్శనమిచ్చినవి. ఆ కీడు మోతాదు ననుసరించి యుండుననియు అప్పుడే తెలియవచ్చినది.

కుక్కలకు అత్యధికమైన మోతాదులో దీర్ఘకాలము ఇచ్చినప్పుడు కనిపించిన మార్పులను శంకించి 1980లో సాంక్యో సంస్థ కాంపాక్టిన్‌ను విడిచిపెట్టినది. అప్పటికే అమెరికాలోని మెర్క్ సంస్థ వేరొక బూజునుండి లోవాస్టాటిన్ తీసియుండెను. కొంతకాలము ఆగి, సంశయములు తీర్చుకొన్న పిమ్మట 1987లో దానికి ప్రభుత్వానుమతి లభించినది. ఈలోగా బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ మందు పనిచేయు తీరును స్పష్టపరచిరి. కాలేయము తనకు కావలసిన కొలెస్టరాలును తయారుచేసికొనలేనప్పుడు, నెత్తురులో తిరుగుచున్న దానిని పట్టి లోనికి లాగుకొనుటకై ఎక్కువ గ్రాహకములను తన కణముల పైకి తెచ్చును. ఆ గ్రాహకములను కనుగొన్నందులకు వారు 1985లో నోబెల్ బహుమానము నందిరి.

మందు ప్రాణము కాపాడునా అను ప్రశ్నకు 1994లో సమాధానము వచ్చినది. ఉత్తర ఐరోపా దేశములలో గుండెజబ్బు గల 4,444 మందిని రెండు భాగములుగా చేసి, ఒక భాగమువారికి సింవాస్టాటిన్, రెండవ భాగమువారికి మందులేని ఉత్తమాత్ర ఇచ్చి ఐదేండ్లకు పైగా చూచిరి. ఉత్తమాత్ర వేసికొన్నవారిలో 256 మంది మరణించిరి. మందు వేసికొన్నవారిలో 182 మంది. ఆ వ్యత్యాసమైన 74 ప్రాణములే స్టాటినుకు రాచమార్గము వేసినవి.

కాని 2001 ఆగస్టులో ఒక పెద్ద దెబ్బ తగిలినది. సెరివాస్టాటిన్ అను స్టాటిన్ వాడినవారిలో కొందరికి కండరములు కరగిపోయి, ఆ శిథిల పదార్థము మూత్రపిండములను పాడుచేసి మరణములు సంభవించినవి. ఆ మందును అంగళ్లనుండి తొలగించిరి. ఇతర స్టాటినులతో ఇట్టి విపత్తు మిక్కిలి అరుదు. అయినను స్టాటిన్ అనగానే కండరముల భయము జనుల మనస్సులలో అప్పటినుండి నాటుకొన్నది.

క్రీడాకారుల ప్రశ్న అంతకుముందే మొలకెత్తియుండెను. 1997లో పాల్ థాంప్సన్ అను అమెరికా హృద్రోగ వైద్యుడును ఆయన సహచరులును కొందరు పురుషులకు లోవాస్టాటిన్, కొందరకు ఉత్తమాత్ర ఇచ్చి, పల్లమునకు నడచునట్లు వాలుగానుంచిన కదలు పట్టీ యంత్రముపై నడపించిరి. దిగుడు నడక కండలను మిక్కిలి శ్రమపెట్టును. కొండ దిగివచ్చిన మరునాడు తొడలు నొచ్చుట మనమెరిగినదే. మరునాడును మూడవనాడును నెత్తురులో క్రియాటిన్ కైనేజ్ అను ఎంజైమును కొలువగా, మందు వాడినవారిలో అది 62, 77 శాతము హెచ్చుగా నుండెను.

ఈ ఎంజైమునకు మనవారితో సంబంధము కలదు. కండ హఠాత్తుగా పనిచేయవలసి వచ్చినప్పుడు శక్తికొరకు నిలువయుండు పదార్థము ఫాస్ఫోక్రియాటిన్. దానిని 1927లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె అను ఆచార్యునితో కలిసి లోకమునకు వెల్లడించినవారు మన భీమవరమున జన్మించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ నిలువనుండి శక్తిని తీసి కండకు అందించు ఎంజైమే ఈ క్రియాటిన్ కైనేజ్. కండ కణము దెబ్బతిన్నప్పుడు అది నెత్తురులోనికి కారును. కావుననే దానిని కొలిచి కండ ఎంత నలిగినదో అంచనా వేయుదురు. మందుతో నిమిత్తము లేకయే మారథాన్ పరుగెత్తినవానిలోను అది హెచ్చును. కనుక ఆ అంకె యొక్కటియే మందు దోషమునకు సాక్ష్యము కానేరదు.

2004లో వియన్నానుండి ఒక నివేదిక వెలువడినది. వంశానుగతముగా కొలెస్టరాల్ హెచ్చుగా నున్న 22 మంది వృత్తిక్రీడాకారులకు వైద్యులు ఒకదాని పిమ్మట నొకటిగా వేర్వేరు స్టాటినులను ఇచ్చి చూచిరి. చివరకు ఏదో యొక స్టాటినును సహింపగలిగినవారు ఆరుగురు మాత్రమే. తక్కిన పదునార్గురు కండరముల బాధవలన మానివేసిరి. సామాన్య రోగులలో మానువారి సంఖ్యతో పోల్చిన ఇది ఎంతో హెచ్చు. 2013లో మిస్సౌరీ విశ్వవిద్యాలయమువారు స్థూలకాయులగు 37 మందిచేత పండ్రెండు వారములు వ్యాయామము చేయించిరి. వ్యాయామము మాత్రమే చేసినవారి దమ్ము నూటికి 10 పాళ్లు వృద్ధినందినది. దానితోపాటు సింవాస్టాటిన్ కూడ వాడినవారిలో ఒకటిన్నర పాళ్లు మాత్రమే.

దీనికి హేతువు లేకపోలేదు. స్టాటిన్ మూయు తలుపు తొలిమెట్లలోనిది. ఆ దారిన కొలెస్టరాల్ మాత్రమే కాక, కణములో శక్తినుత్పత్తి చేయు మైటోకాండ్రియాలకు అవసరమైన కోఎంజైమ్ క్యూ కూడ తయారగును. తలుపు మూసినప్పుడు దాని ఉత్పత్తియు తగ్గవచ్చును. నొప్పికి ఇదియే కారణమని నిర్ధారణ కాలేదు; ఆ పదార్థమును మాత్రలుగా ఇచ్చినను స్థిరమైన ఉపశమనము కనబడలేదు.

ఇంతవరకు విన్నవారు మందే దోషియని తీర్పు చెప్పుదురు. కాని అదే 2013లో వెలువడిన మరియొక పరిశోధనను కూడ ఆలకింపవలెను. ఆరోగ్యవంతులైన 420 మందికి ఆరు నెలలు అధిక మోతాదులో అటోర్వాస్టాటిన్ గాని ఉత్తమాత్ర గాని ఇచ్చిరి. ఎవరికి ఏది ఇచ్చినది రోగికిని తెలియదు, పరీక్షకునికిని తెలియదు. మందు వాడినవారిలో 19 మందికి, ఉత్తమాత్ర వాడినవారిలో 10 మందికి కండరముల నొప్పులు వచ్చినవి. అనగా నొప్పి కొందరి విషయమున నిజమే. అయితే కండబలమునందుగాని, వ్యాయామ సామర్థ్యమునందుగాని ఇరుపక్షములకు భేదము కనిపింపలేదు.

2020లో లండనులో జరిగిన పరిశోధన మరింత విచిత్రమైనది. బాధలు వచ్చినవని స్టాటిన్ మానివేసిన 60 మందిని తీసికొని, సంవత్సరములో నాలుగు నెలలు మందును, నాలుగు నెలలు ఉత్తమాత్రను, నాలుగు నెలలు ఏమియు లేని ఖాళీ సీసాను క్రమము తప్పించి ఇచ్చిరి. ఏ మాత్రయు లేని నెలలలో బాధలు తక్కువ. మాత్ర వేసికొన్న నెలలలో హెచ్చు. కాని మందు మాత్రకు కలిగిన బాధలో నూటికి 90 పాళ్లు ఉత్తమాత్రకును కలిగినది. ఆ నొప్పి కల్పితము కాదు. అనుభవించినవారికి అది నిజమైన నొప్పియే. దానికి మూలము మాత్రలోని మందు కాదు, మాత్రను గురించిన భయము. ఈ సంగతి తెలిసిన పిమ్మట వారిలో సగము మంది తిరిగి మందు మొదలుపెట్టిరి. 2022లో లక్షకు పైగా మనుష్యులు పాల్గొన్న 19 పరిశోధనలను కలిపి చూడగా, కండరముల బాధ మందు వాడినవారిలో నూటికి 27.1, ఉత్తమాత్ర వాడినవారిలో 26.6గా తేలినది. నడివయసు దాటినవారికి మందున్నను లేకున్నను ఒళ్లు నొప్పులు సామాన్యమని దీని భావము.

అట్లయిన వియన్నా క్రీడాకారులు పొరబడిరా? అట్లు తీర్మానింపరాదు. ఆ పెద్ద పరిశోధనలలోనివారు సామాన్య రోగులు. దేహమును అంతిమ హద్దువరకు తోలు పందెగాండ్రు కారు. నూటికి ఒక పాలు శక్తి తగ్గిన సామాన్యునకు తెలియనే తెలియదు; పందెగానికి దానితో పతకము పోవును. మరొకవైపు, ఆ 22 మందిని ఉత్తమాత్రతో పోల్చి చూడలేదు. తమకు ఏ మందు ఇచ్చుచున్నారో వారికి తెలియును. కావున వారి అనుభవమును తోసిపుచ్చరాదు, దానినే అందరకు అన్వయింపనురాదు.

ఈ రెంటికి నడుమనున్న సామాన్య వ్యాయామపరుల విషయమున 2023లో హాలెండునుండి ఊరటనిచ్చు వార్త వచ్చినది. నైమేగన్ పట్టణమున ఏటేట జరుగు నాలుగు దినముల నడకలో దినమునకు 30 మొదలు 50 కిలోమీటర్లు నడచువారిని పరీక్షింపగా, స్టాటిన్ వాడుచున్నవారి కండలు ఇతరుల కండలకంటె ఎక్కువగా దెబ్బతినలేదు. స్టాటినువలన నొప్పులున్నవని చెప్పినవారి విషయమునను అంతే. అదియును కాక, అమెరికాలోని పదివేల మంది మాజీ సైనికులను పదేండ్లపాటు కనిపెట్టి 2013లో ప్రకటించిన నివేదికలో, స్టాటినును వాడుచు దేహదార్ఢ్యమును కూడ గలవారిలో మరణములు అందరికంటె తక్కువగా నుండెను. మందు వ్యాయామమునకు బదులు కాదు. వ్యాయామము మందునకు శత్రువు కాదు.

ఈ చరిత్రవలన ఇండ్లలో పనికివచ్చునది ఏమి? నొప్పి వచ్చినంతనే మాత్రను తమంతట మానివేయుట గుండెజబ్బు గలవారికి ప్రమాదకరము. నొప్పిని వైద్యునితో చెప్పక దాచుటయు తగదు. తీవ్రమైన నొప్పి, బలహీనత, మూత్రము నల్లటి ఎరుపుగా మారుట – ఇవి తటాలున వైద్యుని చూడవలసిన గుర్తులు. తక్కిన సందర్భములలో మోతాదు తగ్గించుట, వేరొక స్టాటినుకు మారుట, కొంతకాలము ఆపి మరల ఇచ్చి చూచుట అను ఉపాయములు వైద్యుని చేతిలో నున్నవి. స్టాటినును ఎంతమాత్రము సహింపలేని క్రీడాకారునికి నేడు ఇతర మార్గములును ఏర్పడినవి. ప్రేగులనుండి కొలెస్టరాల్ ఎక్కకుండ చేయు ఎజెటిమైబ్ 2002లోను, సూదిమందుగా ఇచ్చు నూతనౌషధములు 2015లోను వచ్చినవి. 2020లో వచ్చిన బెంపెడోయిక్ ఆమ్లము, కాలేయములో మాత్రమే మేల్కొని కండలలో నిద్రించునట్లు రూపొందిన మందు. కండల మొర నాలకించిన ఫలితముగనే ఇట్టి మందులకు విలువ హెచ్చినది.

అకిరా ఎండో 2024 జూన్‌లో తొంబదేండ్ల వయస్సున కన్నుమూసిరి. ఆయన బియ్యపు బూజునుండి తీసిన సత్త్వము కోట్ల గుండెలకు కాపుగా నిలిచినది. అయినను ఆ కథలోని మొదటి పాఠము 1978లో ఒసాకాలో ఆ పదునెనిమిదేండ్ల యువతి మంచముకడ నేర్చినదియే. ఆమె కండలు బలహీనములైనవని వైద్యుడు ఆ మందును పారవేయలేదు. మందు గొప్పదని ఆమె బాధను త్రోసివేయనులేదు. బాధను విని, మోతాదును సరిదిద్దెను. పందెపు బాటమీద పరుగిడు యువకునకైనను, సాయంకాలము వ్యాహ్యాళికి పోవు తాతగారికైనను నేటికిని చేయదగిన వైద్యము అదియే.